ఇరవై రెండో కారణం

కోనపేట మాతా శిశు ఆసుపత్రిలో కారణం లేకుండా ఏదీ జరగదని ఇప్పుడు నేను ఎవరి ముందైనా చెప్పగలను. రెండేళ్ళ కిందట అలా ఉండేది కాదు. లిఫ్టు కారణం లేకుండా రెండంతస్తుల మధ్య ఆగేది. మందుల గదికి కారణం లేకుండా తాళం పడేది. స్కానింగు డాక్టరుగారు కారణం లేకుండా సోమవారాలు వచ్చేవారు కాదు. పై అధికారులకు ఇవన్నీ తెలుసు. అయినా వాళ్ళ దృష్టి పడింది మాత్రం ఆపరేషను కాన్పుల మీద.

సర్క్యులరు వచ్చిన రోజు దాన్ని చదివి వినిపించింది నేనే. నా పేరు వీరభద్రం, సీనియర్ అసిస్టెంటుని. ఈ ఆసుపత్రిలో ఏ సమావేశం జరిగినా మినిట్స్ రాసేది నేనే. నా దస్తూరీని నలుగురు సూపరింటెండెంట్లు మెచ్చుకున్నారు. రాసినదాన్ని చదివినవాళ్ళు మాత్రం తక్కువ.

"వైద్యపరమైన అవసరము లేకయే, కేవలము గర్భిణీ స్త్రీ యొక్క స్వీయ ఇష్టము మేరకు జరుగుచున్న శస్త్రచికిత్సా ప్రసవములను సున్నా స్థాయికి దింపవలెను. అయితే సమంజసమైన కారణములు కలవని సంఘము తృప్తి చెందిన యెడల అనుమతింపవచ్చును. అట్టి కారణముల పట్టిక జతపరచడమైనది."

పట్టికలో ఇరవై ఒక్క కారణాలున్నాయి. మంచి ముహూర్తం ఒకటో నంబరు. భర్త సెలవు నాలుగు. అత్తగారి తీర్థయాత్ర ఏడు. దగ్గరి బంధువులకు జాతక గండం తొమ్మిది. బడిలో చేరే వయసుకు ఒకటి రెండు రోజులు తక్కువపడటం పదమూడు. తాతగారి పుట్టినరోజుతో కలిసిరావడానికి కూడా ఒక నంబరుంది. పిండితార్థం ఏమిటంటే, కడుపుతో ఉన్న మనిషి తనకు ఆపరేషను కావాలంటే కుదరదు. ఇంకెవరికైనా కావాలంటే ఆలోచించవచ్చు.

వెంటనే సంఘం వేశారు. అధ్యక్షులు సూపరింటెండెంటు డాక్టర్ జోగారావుగారు. ఆయన కళ్ళ డాక్టరు. సీనియారిటీ లెక్కన కాన్పుల ఆసుపత్రికి వచ్చారు. పౌరుల ప్రతినిధిగా కొబ్బరికాయల వ్యాపారి బుల్లబ్బాయిగారిని వేశారు. ఒకటో నంబరు కారణం చూడటానికి పంచాంగం అవధానిగారిని 'కాల నిర్ణయ సలహాదారు' అనే హోదాతో ఔట్‌సోర్సింగు పద్ధతిలో తీసుకున్నారు. మహిళా ప్రతినిధిగా స్టాఫ్ నర్సు కరుణమ్మను వేశారుగానీ, ఆవిడ ఆ వారమే కాన్పు సెలవు మీద వెళ్ళింది. ఆ కుర్చీని గౌరవంగా అలాగే ఉంచి, దాని మీద ఫైళ్ళు పెట్టుకున్నాం.

ఇక్కడ నిజంగా కాన్పులు చేసేది డాక్టర్ నస్రీన్‌గారు కాబట్టి ఆవిణ్ణి సంఘంలో వెయ్యలేదు. పని చేసేవాళ్ళను సంఘాల్లో వేస్తే పనెవరు చేస్తారని అధ్యక్షులవారి వాదన. అందులో న్యాయం లేకపోలేదు.

మొదటి శుక్రవారం సంఘం చకచకా నడిచింది. ముందుగా లంక ఊరు నుంచి మేరీ సుజాత అనే అమ్మాయి భర్తతో వచ్చింది. భర్త ఓడలో పనిచేస్తాడు.

"వచ్చే సోమవారం ఓడెక్కెయ్యాలండి" అన్నాడు అతను. "ఈలోగా బిడ్డ మొహం చూసి వెళ్దామనండి."

"నాలుగో నంబరు" అన్నారు అధ్యక్షులవారు. "తండ్రి హృదయం. మంజూరు."

మేరీ సుజాత తల వంచుకుని నిలబడింది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు, అడగాల్సిన గడి కూడా ఫారంలో లేదు.

తర్వాత తాతాజీ అనే ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. వెనకాల తొమ్మిదో నెల కడుపుతో చెల్లెలు పద్మజ.

"ఆదివారం పొద్దున్నుంచి రోహిణి అంటండి" అన్నాడు తాతాజీ, రెండు చేతులూ జోడించి. "రోహిణిలో మేనల్లుడు పుడితే మేనమామకి గండం కదండీ. దీనికి నేనొక్కణ్ణే అన్ననండి. నాకు ఇద్దరు చిన్నపిల్లలండి. శనివారం లోపల తీసెయ్యండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

అవధానిగారు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్క వేశారు. "ఆదివారం సూర్యోదయాది రోహిణి. ఉపేక్షించడానికి వీల్లేదు" అన్నారు.

"ప్రాణాపాయం" అన్నారు అధ్యక్షులవారు గంభీరంగా. "అత్యవసర కేసుగా నమోదు చెయ్యి వీరభద్రం."

నమోదు చేశాను. మేనమామ ప్రాణాన్ని కాపాడటానికి చెల్లెలి పొట్ట కోయవలెనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. బుల్లబ్బాయిగారు లేచి తాతాజీ భుజం తట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి, మంచినీళ్ళు తెప్పించి తాగించారు.

ఆ వెంటనే వచ్చింది నూకరత్నం. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే పని. జీడి రసానికి వేళ్ళ చివర్లు నల్లబడిపోయాయి. వెనకాల భర్త సత్తిపండు, చేపల ఆటో తోలుతాడు. తలుపు బయట బల్ల మీద కూర్చున్నారు కాబట్టి తాతాజీ మొర మొత్తం వాళ్ళు విన్నారు.

"ఏ కారణం అమ్మా?" అన్నారు అధ్యక్షులవారు కాగితం మీంచి తలెత్తకుండా. "నంబరు చెప్పు చాలు."

"నంబరు తెలీదండి. నాకు ఆపరేషన్ కావాలండి."

"ఎవరికి కావాలి?"

"నాకేనండి."

అధ్యక్షులవారు తలెత్తారు. అవధానిగారు పంచాంగం మూశారు. నేను కలం కిందపెట్టాను. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ ఆ మాట అనలేదు.

"ఎందుకూ?"

నూకరత్నం కొంగు భుజం మీదకు లాక్కుంది. "మొదటిదానికి రెండు పగళ్ళూ ఒక రాత్రీ నొప్పులు పడ్డానండి. ఇక్కడేనండి, మీ పై మేడ మీదే. అరిస్తే తొడల మీద కొట్టారండి. చిరిగిపోయింది. ఎంత చిరిగిందో కూడా నాకెవరూ చెప్పలేదు. మూడు నెల్లు కూర్చోలేకపోయానండి. ఏడాది దాకా దగ్గొస్తే చీర తడిసిపోయేది. బట్టీలో ఆడోళ్ళు నా పక్కన కూర్చునేవోరు కాదు. అదంతా ఒక ఎత్తండి. పిల్లని చూస్తే ఎత్తుకోబుద్ధయ్యేది కాదు. ఆర్నెల్లండి. అదేం చేసింది పాపం? ఈసారి పుట్టేదాన్ని మొదటిరోజే ఎత్తుకోవాలనుందండి. అంతేనండి."

"నస్రీన్ డాక్టరుగారు ఏమన్నారు?" అని అడిగాను. నేను మాట్లాడకూడదు, అయినా నోరు జారింది.

"డాక్టరమ్మ అన్నీ చెప్పిందండి. రగతం ఎక్కువ పోతాదని, కుట్లు నొప్పెడతాయని, మళ్ళీ కడుపొత్తే తంటా అని. మామూలు కానుపుకి నొప్పి తెలీకుండా ఇచ్చే సూది మందుంది గానీ మనూళ్ళో రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఇచ్చేవోరు లేరని కూడా చెప్పింది. రెండు వారాలు ఆలోచించుకునే వచ్చానండి."

బుల్లబ్బాయిగారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, మా అమ్మ తొమ్మిదిమందిని కంది. తొమ్మిదోవోణ్ణి కన్న సాయంత్రమే లేచి గేదె పాలు పితికింది."

"ఆవిణ్ణి ఎవరన్నా అడిగారాండి, ఎలా ఉందని?"

బుల్లబ్బాయిగారు సంవత్సరాలు లెక్కేసుకున్నారు. "మా అమ్మ పోయి ముప్ఫై ఏళ్ళయింది" అన్నారు.

అధ్యక్షులవారు పట్టికను మొదటినుంచి చివరిదాకా, మళ్ళీ చివరినుంచి మొదటిదాకా చూశారు. "భయం అనే కారణం ఇందులో లేదమ్మా. భయం మనోభావం. మనోభావం కారణం కాజాలదు."

"ఇందాకా ఆయనకి బయమేసిందనే కదండీ ఆళ్ళ చెల్లికి ఇచ్చారు?"

"అది మేనమామ భయం. దానికి శాస్త్ర ప్రమాణం ఉంది."

"పోనీ ఈయన్ని అడగండి" అంది నూకరత్నం మొగుణ్ణి చూపించి.

సత్తిపండు ముందుకొచ్చాడు. "దాని నొప్పి నాకేం తెలుస్తాదండీ? అది చెప్పిందే నిజం. నేను అబద్ధం చెప్పమంటే చెప్తాను గానీ, దానికన్నా బాగా చెప్పలేనండి."

"భర్త స్వతంత్రంగా ఏ కారణమూ చూపలేకపోయాడు" అని నాకు చెప్పి రాయించారు అధ్యక్షులవారు.

అయినా సంఘం మనసు లేనిది కాదు. భయం ఉన్నదీ లేనిదీ ప్రభుత్వపరంగా నిర్ధారిద్దామంది. మనసు డాక్టరు పోస్టు పదకొండేళ్ళుగా ఖాళీ కాబట్టి, రక్తపోటు చూసే యంత్రం దగ్గరికి పంపారు. నూట పద్దెనిమిదికి డెబ్భై ఆరు వచ్చింది. 'యంత్రమునందు భయము కనిపించలేదు' అని ధ్రువపత్రం ఇచ్చారు. పక్కనే నిలబడ్డ అధ్యక్షులవారు సరదాకి తనకీ చూడమంటే నూట అరవై వచ్చింది. దాన్ని రికార్డు చెయ్యలేదు.

తర్వాతి శుక్రవారం సాక్షిని పిలిచారు. మొదటి కాన్పప్పుడు లేబరు గదిలో ఉన్న ఆయా మంగాయమ్మ. ఇప్పుడు హెడ్ ఆయా. పాతికేళ్ళ సర్వీసు. నూకరత్నాన్ని ఎదురుగా నిలబెట్టి అడిగారు.

"ఈమెను నువ్వు కొట్టావా?"

"కొట్టే ఉంటానండి" అంది మంగాయమ్మ ఏ దాపరికమూ లేకుండా. "అందర్నీ కొడతాం బాబూ. ఈమెని పేరెట్టి కొట్టలేదు. ముగ్గురు నర్సులుండాల్సిన చోట ఒకత్తే ఉంటాది. పన్నెండు మంచాలు. ఒకళ్ళు అరిస్తే అందరూ అరుస్తారు. ఒకటేస్తే ఊరుకుంటారు." అంతలో నూకరత్నం మొహం చూసి గొంతు తగ్గించింది. "నన్నూ కొట్టారమ్మా. నా మూడు కానుపులూ ఇక్కడే."

సంఘం లోపల పది నిమిషాలు చర్చించింది. అంతా విన్నాక నేను రాసిన తీర్మానం ఇది: 'సదరు సంఘటన అందరికీ జరుగునదే అని సాక్షి వాంగ్మూలమువలన తేలినది. అందరికీ జరుగునది ఒకరికి ప్రత్యేక కారణము కాజాలదు. దరఖాస్తు తిరస్కరించడమైనది.' దస్తూరీ ఎప్పటిలాగే బావుంది. రాస్తుంటే నాకు సిగ్గేసింది, ఆ సిగ్గుతోనే కింద గీత కూడా గీశాను.

నాకూ ముగ్గురు పిల్లలు. మూడుసార్లూ మా ఆవిడ లేబరు గదిలో ఉంటే నేను ఎదురు హోటల్లో కూర్చుని టీ తాగాను. మూడుసార్లూ బయటికొచ్చి ఎవరో "మగపిల్లాడు", "ఆడపిల్ల" అని చెప్తే, లోపల ఏం జరిగిందని అడగాలని నాకు తోచలేదు. ఆడవాళ్ళ సంగతి మనకెందుకులే అనుకునే సంస్కారవంతుణ్ణి నేను.

వరండాలో నూకరత్నం గోడకి చేరబడి నిలబడింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవటం లేదు, పళ్ళు కొరుకుతోంది.

"అమ్మా" అన్నాను చుట్టూ చూసి. "ఒకటో నంబరు ఉంది. అవధానిగారి దగ్గర ముహూర్తం రాయించుకుని వస్తే రెండు నిమిషాల్లో సంతకం పెడతారు. ఎందుకని ఎవరూ అడగరు."

"కడుపు నాది, నొప్పి నాది. ఆయన పుస్తకంలో రాసుంటే సరే, నేను చెప్తే కాదా?"

"రూల్సమ్మా."

"ఆ రూల్సు రాసినోళ్ళు ఎప్పుడన్నా కన్నారా బాబూ?" అంది. కాసేపటికి ఆవిడే మెత్తబడింది. "ఎక్కడుంటాడు ఆ పంతులుగారు?"

అవధానిగారు ఆమెకు ఇచ్చిన ముహూర్తం దివ్యమైనది. గురువారం స్వాతి కలిసొచ్చింది. దుర్ముహూర్తం వెళ్ళిపోయిన నాలుగు నిమిషాలకు, ఉదయం పది యాభై రెండుకు. ఆ ఘడియలో పుట్టినవాళ్ళు నలుగురికీ అన్నం పెట్టేవాళ్ళవుతారట. చిక్కేమిటంటే ఆయన అదే దివ్యమైన ముహూర్తాన్ని ఆ వారం ఇంకో పదిమందికి కూడా ఇచ్చారు. "ఉన్నది ఒకటే మంచి ఘడియ. పొరుగువాళ్ళకు చెడ్డది ఇవ్వమంటారా?" అన్నారు నిలదీస్తే. పదకొండు దరఖాస్తులూ వరసగా మంజూరయ్యాయి.

థియేటర్లో బల్లలు రెండు. డాక్టర్ నస్రీన్‌గారు బుధవారం సాయంత్రం అధ్యక్షులవారి గదికి వచ్చారు.

"సర్, పది యాభై రెండుకి పదకొండు ఆపరేషన్లు ఎలా చెయ్యను? నాకు రెండు చేతులే ఉన్నాయి."

"సమస్యను సానుకూలంగా చూడాలి డాక్టర్. ముహూర్తాన్ని నిర్ణయించేది ఏది? సమయం. సమయాన్ని చూపేది ఏది?"

"గడియారం" అన్నారు ఆవిడ అనుమానంగా.

"ఆసుపత్రి అధికారిక గడియారం" అన్నారు అధ్యక్షులవారు.

మర్నాడు ఉదయం సరిగ్గా పది యాభై రెండుకి ఎలక్ట్రీషియను స్టూలెక్కి థియేటరు గడియారంలోంచి బ్యాటరీ తీసేశాడు. పదకొండో బిడ్డ పుట్టేదాకా ఆసుపత్రి ఆవరణలో వేరే ఏ గడియారమూ ప్రామాణికం కాదని నోటీసు అంటించాను. చేతి గడియారాలు కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. మత్తు డాక్టరుగారు మాత్రం, మనుషుల ప్రాణాలతో పని, నాకు టైము కావాలని గొడవపెట్టి, తన గడియారాన్ని సాక్సులో దాచుకున్నారు. అది నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను.

ఆ రోజు కోనపేటలో చాలాసేపు పది యాభై రెండే అయింది. మధ్యాహ్నం భోజనం క్యారేజీ తెచ్చిన బామ్మను ఇంకా పది యాభై రెండేనని గేటు దగ్గర ఆపేశారు. పగటి డ్యూటీ నర్సులు ఇంటికి వెళ్తామంటే, డ్యూటీ దిగడానికి ఇంకా మూడు గంటలు టైముందని హాజరు గుమస్తా రిజిస్టరు దాచేశాడు. మా అధ్యక్షులవారికి మాత్రం ఆకలేసింది. పది యాభై రెండుకే భోంచేసి, పది యాభై రెండుకే కునుకు తీసి, లేచి పది యాభై రెండుకు టీ తాగారు. ఎండ వాలిపోయి కిటికీలోకి ఏటవాలుగా పడుతుండగా పదకొండో బిడ్డ కూడా పది యాభై రెండుకే పుట్టింది. అవధానిగారు పదకొండు జాతకాలూ ఒకేలా రాయవచ్చు కాబట్టి జెరాక్సు తీయించారు.

నూకరత్నం వంతు ఎనిమిదోది. కాగితాల మీద సంతకం కోసం నేను రికవరీ గది తలుపు దాకా వెళ్ళాను. ఆవిడ ఇంకా మంచం మీంచి లేవలేదు. మత్తు నడుం కిందికే ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉంది. నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, "ఆడపిల్ల. కాసేపాగి ఇవ్వనా?" అంది.

"ఇప్పుడే ఇయ్యి" అంది నూకరత్నం. నల్లబడ్డ వేళ్ళతో బిడ్డను గుండెల మీదకి తీసుకుంది. నేను సంతకం సంగతి మరిచిపోయాను. మరునాడు పెట్టించుకున్నాను.

ఏడాది తిరిగేసరికి మా ఆసుపత్రి పేరు మారుమోగిపోయింది. నాలుగు వందల పన్నెండు ఐచ్ఛిక ఆపరేషన్లు జరిగినా, అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆడమనిషి సొంత ఇష్టంతో జరగలేదని నివేదిక వెళ్ళింది. అన్నిటికీ పట్టికలోని సమంజసమైన కారణాలే. ఇలాంటి ఘనత రాష్ట్రంలో ఇంకెక్కడా లేదన్నారు. మాకు షీల్డు ఇవ్వడానికి రాజధాని నుంచి సంయుక్త సంచాలకులవారు బయల్దేరి వచ్చారు. షీల్డు మీద 'స్వీయ ఇష్ట రహిత ఆదర్శ ఆసుపత్రి' అని చెక్కించారు.

హాలు నింపాలి కాబట్టి, కాన్పయిన తల్లులను పిల్లలతో సహా బస్సులో పిలిపించాం. లబ్ధిదారుల తరఫున రెండు ముక్కలు మాట్లాడటానికి పది యాభై రెండు బ్యాచి నుంచి ఒకరు కావాలన్నారు. నూకరత్నం చదవగలదు కాబట్టి ఆమెను వేశారు. ఆ రెండు ముక్కలూ నేనే రాసిచ్చాను: 'ముహూర్త బలము వలన, పెద్దల నిర్ణయము వలన, నాకు ఈ భాగ్యము కలిగినది.'

సంచాలకులవారు గంటసేపు మాట్లాడారు. "మాతృత్వ రంగంలో వ్యక్తిగత ఇష్టాయిష్టాల జోక్యాన్ని సమూలంగా నిర్మూలించిన ఘనత ఈ సంస్థకు దక్కుతుంది" అన్నారు. చప్పట్లు కొట్టారు. పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు.

నూకరత్నం బిడ్డను చంకనేసుకుని మైకు దగ్గరికి వచ్చింది. కాగితం విప్పింది. మొదటి మాట చదివి ఆగిపోయింది. అక్షరాలు అర్థం కాలేదేమో అని నేను గొణిగి అందించబోయాను.

"ఇది నేను చెప్పింది కాదండి" అంది మైకులో. "ముహూర్తం నాకు తెలీదు. ఎవరూ నిర్ణయించలేదు. మొదటి కానుపులో నన్ను కొట్టారు, చీరేశారు. పెద్దపిల్లని ఆర్నెల్లు ఎత్తుకోలేకపోయాను. అందుకే ఈసారి ఆపరేషనే కావాలని నేనే అనుకున్నాను. ముహూర్తమంటేనే ఇస్తామన్నారు, అందుకని ముహూర్తమన్నాను. మీరు రాసుకోండి. నా ఇష్టమేనండి."

అధ్యక్షులవారు నా మోకాలు గిచ్చారు, మైకు ఆపెయ్యమని. లేవబోతుండగా మూడో వరసలోంచి ఒకామె లేచింది. చూస్తే మేరీ సుజాత.

"మా ఆయనకి సెలవు ఇంకా నెలుందండి అప్పుడు" అంది. "సోమవారం ఓడని నేనే చెప్పమన్నాను. మాది లంక. సాయంత్రం ఆరు దాటితే ఏరు దాటించే పంటు ఉండదు. మా అక్క నొప్పులొచ్చి రేవులోనే పోయిందండి, అవతలి గట్టు కనబడుతుండగానే. నొప్పులు పంటు టైము చూసుకుని రావు కదండీ. అందుకని తారీకు పెట్టించుకున్నాను."

ఆవిడ కూర్చోకముందే ఇంకో మూలనుంచి పద్మజ లేచింది. "రోహిణి గండం సంగతి మా అన్నయ్యకి చెప్పింది నేనేనండి. ముందు ఇద్దరు బిడ్డలు నొప్పుల్లోనే పోయారు నాకు. ఇంకోసారి ఆ గదిలో పడుకునే ఓపిక లేదంటే ఎవరూ వినలేదు. అన్నయ్య ప్రాణమంటే అందరూ పరిగెత్తారు." వెనకాల కూర్చున్న తాతాజీ నోరు తెరిచాడు. అతని ప్రాణం అప్పటిదాకా ఎంత క్షేమంగా ఉండేదో అతనికి అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఒకళ్ళని ఒకళ్ళు ఆగనివ్వలేదు. అత్తగారి కాశీయాత్ర తన ఆలోచనేనంది ఒకావిడ. తాతగారి పుట్టినరోజు ఎప్పుడో అసలు ఎవరికీ తెలియదని ఇంకొకావిడ నవ్వేసింది. ఒకామె మాత్రం తన ముహూర్తం నిజంగా ముహూర్తమేనని, తనకు దాని మీద నమ్మకం ఉందని చెప్పింది. ఆవిడ మాటకూ చప్పట్లు కొట్టారు. నాలుగు వందల పన్నెండు కారణాల వెనక ఏముందో నా మినిట్స్‌లో ఒక్క ముక్క లేదని ఆ రోజు నాకు అర్థమైంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంచాలకులవారు వాచీ చూసుకున్నారు. "భావోద్వేగపూరిత వాతావరణం నెలకొన్నది" అని మైకులో ప్రకటించి, షీల్డు మీద పేరు చెక్కించేశారు కాబట్టి ఇచ్చేసి, కారెక్కారు. అధ్యక్షులవారు షీల్డు పట్టుకుని నా వైపు తిరిగారు. "మినిట్స్‌లో ఏం రాస్తావయ్యా?"

"వాళ్ళు చెప్పింది రాస్తానండి" అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను ఆయన స్థాయి మనిషికి ఎదురు చెప్పడం అదే మొదలు. మాటకి మాట రాసి, పైకి పంపేశాను. నా దస్తూరీ ఆ రోజు వంకరగా వచ్చింది.

పైవాళ్ళు చదివారు. నమ్మండి, నిజంగానే చదివారు. చదివి చలించిపోయారట. పదిహేను రోజులకే కొత్త సర్క్యులరు వచ్చింది. అధ్యక్షులవారు సంఘాన్ని పిలిపించి లేచి నిలబడి చదివారు:

"మహిళల మనోభావములను గౌరవించుచు, పట్టికకు ఇరవై రెండవ కారణముగా 'గర్భిణి స్వీయ ఇష్టము' చేర్చడమైనది. అయితే, సదరు ఇష్టము నిజముగా ఆమె సొంతమేనని ఆమె భర్త, అత్తగారు, మేనమామ మరియు కాల నిర్ణయ సలహాదారు వేర్వేరుగా ధ్రువీకరింపవలెను."

బుల్లబ్బాయిగారు చప్పట్లు కొట్టారు. అవధానిగారు తన బాధ్యత పెరిగినందుకు వినయంగా నమస్కరించారు. నేను ఫారాలు అచ్చు వేయించాను. ఒక్కొక్కటి ఆరు పేజీలు వచ్చింది, నాలుగు సంతకాలకు నాలుగు చోట్లు, ఆమె వేలిముద్రకు చివరి పేజీలో అడుగున కాస్త జాగా.

ఆ శుక్రవారం కౌంటరు దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. ఎనిమిదో నెల. ఒక్కతే వచ్చింది. నేను ఉత్సాహంగా కొత్త ఫారం తీసి, "ఇదిగోనమ్మా, ఇప్పుడు నీ ఇష్టమేనని రాసుకోవచ్చు" అని ఇచ్చాను. ఆ పిల్ల బల్ల మీద కూర్చుని మొత్తం చదివింది. పేజీలు తిప్పుతూ, ఎవరెవరి సంతకాలు కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తర్వాత లేచి వచ్చి ఫారాన్ని నా ముందు పెట్టేసింది.

"బాబుగారూ" అంది నెమ్మదిగా, "ఆ ముహూర్తం కాగితం ఉంటే ఇచ్చెయ్యండి. దానికైతే పంతులుగారొక్కరినే అడిగితే సరిపోతాది."

తీసి ఇచ్చాను.